పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే: టీఐఏ అనుమానం ఉంటే బ్రెయిన్ ఎంఆర్‌ఐని ఎలా వాడుకోవాలి

పోయినేడాది ఒక శనివారం సాయంత్రం, మల్కాజిగిరిలో మా పెద్దనాన్న చాయ్ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారింది. వంగి తీద్దామంటే కుడి చెయ్యి లేవలేదు. పెద్దమ్మని పిలిచాడు, మాట ముద్దముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. గాలి సోకిందేమోనని పెద్దమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. పక్కింటావిడ చేతికి వెల్లుల్లి నూనె రాసింది. "ఆదివారం డాక్టర్లు ఉండరు, సోమవారం చూద్దాం" అనుకున్నారు.

నేను ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌ని. పొద్దున లేస్తే నా పని తలకాయల ఫొటోలు తీయడమే. అయినా ఈ సంగతి నా చెవిన పడేసరికి మంగళవారం అయింది. అప్పటికే ఒక డాక్టర్ స్కాన్ రాశారు, సోమవారం ఒక సెంటర్లో తీయించుకున్నారు, "వయసుకు తగ్గట్టు నార్మల్" అని రిపోర్టు కూడా వచ్చింది. "ఏం కాలేదు బిడ్డా, మంచిగయింది" అన్నాడు పెద్దనాన్న ఫోన్లో. స్కాన్ చీటీ ఫొటో వాట్సాప్‌లో పంపమన్నాను. కారణం దగ్గర ఒక్కటే మాట ఉంది: కళ్ళు తిరగడం.

కుడి చెయ్యి పడిపోయిన సంగతి, మాట తడబడిన సంగతి ఆ చీటీలో ఎక్కడా లేవు. కథ మిగతాది తర్వాత చెప్తాను. టీఐఏ (ట్రాన్సియెంట్ ఇస్కీమిక్ అటాక్, కాసేపు వచ్చి పోయే పక్షవాతం) విషయంలో స్కాన్ ఎంత ముఖ్యమో, స్కాన్ తీసేవాళ్ళకీ చూసేవాళ్ళకీ జరిగింది జరిగినట్టు చేరడం అంతకన్నా ముఖ్యం. ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదట గడియారం చూడండి

టీఐఏని జనం మినీ స్ట్రోక్ అంటారు. మెదడులో ఒక భాగానికి రక్తం కాసేపు అందక ఆ భాగం పని ఆగిపోతుంది, రక్తం మళ్ళీ అందగానే తిరిగి మొదలవుతుంది. మూతి ఒక పక్కకి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి, కాలు బలం తగ్గడం, మాట తడబడటం, ఒక కంటికి తెర దించినట్టు చూపు పోవడం దీని లక్షణాలు. ఎక్కువమందిలో గంటలోపే తగ్గిపోతుంది.

ఒక విషయం గట్టిగా పట్టుకోండి. లక్షణాలు ఇంకా ఉండగా దాన్ని ఎవరూ టీఐఏ అనకూడదు. అది స్ట్రోకే అనుకుని పరుగెత్తాలి. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, కాబట్టి ఆసుపత్రికి అంతకన్నా ముందే చేరాలి. 108కి ఫోన్ చేయండి. ఆ సర్వీసు 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఫోన్ చేసేటప్పుడు "పక్షవాతం లక్షణాలు" అని స్పష్టంగా చెప్పండి. అంబులెన్స్ వచ్చేలోగా మూడు విషయాలు కాగితం మీదో ఫోన్లోనో రాసుకోండి: ఎన్ని గంటలకు మొదలైంది, ఏ పక్క ఏ భాగం పని చేయలేదు, ఎన్ని నిమిషాలకు తగ్గింది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే షుగర్ చూసి అదీ రాయండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. వీలైతే ముఖం, చేతులు కనపడేలా అర నిమిషం వీడియో తీయండి. డాక్టర్ వచ్చేసరికి లక్షణాలు మాయమైపోయి ఉంటే సాక్ష్యంగా మిగిలేది అదే.

ఎవరో చెప్పారని ఇంట్లోనే ఆస్ప్రిన్ వేయకండి. అది రక్తస్రావం కాదని స్కాన్ చూశాకే ఆ నిర్ణయం. మాట ముద్దగా ఉన్న మనిషికి నీళ్ళు కూడా తాగించకండి, పొలమారుతుంది.

పూర్తిగా తగ్గిపోతే? అప్పుడూ అదే రోజు వెళ్ళాలి. పాత అధ్యయనాల లెక్క ప్రకారం టీఐఏ వచ్చినవాళ్ళలో 10 నుంచి 15 శాతం మందికి మూడు నెలల్లో స్ట్రోక్ వచ్చింది, అందులో సగం మొదటి 48 గంటల్లోనే. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా ఆగడమంటే ప్రమాదం ఎక్కువున్న గంటలన్నీ ఇంట్లో గడిపేయడమే.

ఎమర్జెన్సీలో సీటీ తీశారు కదా, మళ్ళీ ఎంఆర్‌ఐ ఎందుకు?

నిమ్స్, గాంధీ, ఉస్మానియా అయినా, కార్పొరేట్ ఆసుపత్రి అయినా చాలాసార్లు మొదట సీటీ తీస్తారు. అది తప్పు కాదు. సీటీ నిమిషాల్లో అయిపోతుంది, రక్తస్రావం ఉందో లేదో చెప్పేస్తుంది. కానీ టీఐఏలో సీటీ దాదాపు ఎప్పుడూ మామూలుగానే వస్తుంది. "సీటీ నార్మల్, ఇంటికి పోవచ్చు" అనే మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ఎంఆర్‌ఐకి చూపించగలిగేవి మూడున్నాయి. లక్షణాలు పోయినా మెదడులో చిన్న ముక్క చచ్చిపోయిందా అన్నది మొదటిది. రక్తనాళం ఎక్కడైనా సన్నబడిందా అన్నది రెండోది. అసలు ఇది టీఐఏ కాకుండా మరేదైనా జబ్బు అలా కనపడుతోందా అన్నది మూడోది.

మొదటి దానివల్ల టీఐఏ అనే మాట అర్థమే మారిపోయింది. పూర్వం 24 గంటల్లోపు తగ్గితే టీఐఏ, లేకపోతే స్ట్రోక్. 2009లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ గడియారం లెక్కని పక్కన పెట్టి, మెదడు కణజాలం దెబ్బతినకపోతేనే టీఐఏ అని నిర్వచించింది. పది నిమిషాల్లో తగ్గినా స్కాన్‌లో కొత్త దెబ్బ కనపడితే అది చిన్న స్ట్రోక్ కిందే లెక్క. పాత లెక్కలో టీఐఏ అనుకున్నవాళ్ళకి ఎంఆర్‌ఐ తీస్తే సుమారు మూడింట ఒక వంతు మందిలో అలాంటి దెబ్బ బయటపడింది. ఆ వంతులో ఉన్నవాళ్ళకి మళ్ళీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఎక్కువ.

ఎప్పుడు తీయాలి? వీలైతే 24 గంటల్లోపు. రెండు మూడు రోజులు దాటినా పనికొస్తుంది, వారం దాకా తీయించడంలో అర్థముంది. కానీ చిన్న మచ్చలు త్వరగా చెదిరిపోతాయి కాబట్టి ఆలస్యమైనకొద్దీ నమ్మకం తగ్గుతుంది.

చీటీ మీద ఏం ఉండాలి

సెంటర్లో మాకు కనపడేది డాక్టర్ రాసిన చీటీ ఒక్కటే. "ఎంఆర్‌ఐ బ్రెయిన్ ప్లెయిన్, తలనొప్పి" అని ఉంటే దానికి తగ్గ స్కాన్ తీస్తాం. "కుడి చెయ్యి బలహీనత, 10 నిమిషాలు, నిన్న సాయంత్రం 5:40, టీఐఏ అనుమానం" అని ఉంటే మేం తీసే పద్ధతి మారుతుంది, రేడియాలజిస్ట్ చూపూ మారుతుంది. అందుకే డాక్టర్ చీటీ రాస్తుండగానే మర్యాదగా అడగండి: "సార్, ఏ పక్క, ఎంతసేపు అన్నది కూడా రాయండి." మర్చిపోతే కౌంటర్ దగ్గర నోటితోనైనా చెప్పండి. మేం విసుక్కోం. సరే, సాయంత్రం ఏడు దాటాక కొంచెం విసుక్కుంటాం, అయినా చెప్పండి.

ఇలాంటి స్కాన్‌లో సాధారణంగా ఉండే చిత్రాలు ఇవి: కొత్త దెబ్బని పట్టే డీడబ్ల్యూఐ, దానితో పాటే దాన్ని సరిచూసే ఏడీసీ, దెబ్బ వయసు చెప్పే ఫ్లెయిర్, పాత రక్తపు మరకలు చూపే ఎస్‌డబ్ల్యూఐ, పుర్రె లోపలి నాళాలు చూపే ఎంఆర్ యాంజియో. ఈ యాంజియోకి మామూలుగా ఇంజెక్షన్ అక్కర్లేదు, పారే రక్తాన్నే యంత్రం పట్టుకుంటుంది. మెడ నాళాలకి డాప్లర్ (రక్తప్రవాహం చూసే అల్ట్రాసౌండ్) చేస్తారు, లేదా సీటీ యాంజియో, ఎంఆర్ యాంజియో తీస్తారు. చిన్న వయసులో మెడనొప్పితో పాటు ఇలా జరిగితే నాళం గోడ చీలిందేమో చూసే చిత్రం కూడా కలపమని డాక్టర్ రాస్తారు. కాంట్రాస్ట్ (నాళాలు స్పష్టంగా కనపడేందుకు ఇచ్చే ఇంజెక్షన్) అవసరమైతే కిడ్నీల సంగతి ముందే చెప్పాలి.

లోపలికి వెళ్ళేముందు పిన్నీసులు

ఎంఆర్‌ఐ అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ నడవకపోయినా సరే. అందుకే తలుపు దగ్గర మా ప్రశ్నలు పోలీసు చెకింగ్‌లా ఉంటాయి.

"అమ్మా, ఇంకేమన్నా ఇనుము ఉందా?"

"ఏం లేదయ్యా, అన్నీ తీసేసిన."

నేను మాత్రం నమ్మను. పుస్తెలతాడు చివర చూస్తాను. అక్కడ తప్పకుండా రెండు పిన్నీసులు వేలాడుతుంటాయి. జాకెట్ కొంగు దగ్గర ఇంకొకటి, గాజులకి ఇంకొకటి. బంగారం, వెండి అయస్కాంతానికి అతుక్కోవు, వాటిని తీయించడం వేడెక్కకుండా, ఫొటో పాడవకుండా. పిన్నీసు మాత్రం ఉక్కు, ఎగిరి వెళ్ళి గుచ్చుకుంటుంది. మగవాళ్ళకి మొలతాడు, తాయెత్తు చూసుకోవాలి. తాయెత్తు లోపల ఏ రేకు ఉందో దేవుడికే తెలియాలి. ముక్కుపుడక మర బిగుసుకుని రాకపోతే ఇంటి దగ్గరే కంసాలి చేత తీయించుకుని రండి. కట్టుడు పళ్ళు, చెవి మిషన్, జుట్టు పిన్నులు, మందు పట్టీలు అన్నీ బయటే పెట్టాలి.

పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో క్లిప్పు ఉంటే ముందే చెప్పి వాటి కార్డు తెచ్చుకోండి. ఇప్పటి పేస్‌మేకర్లలో ఎంఆర్‌ఐకి అనుమతి ఉన్నవి చాలా ఉన్నాయి, కార్డు చూస్తే గానీ చెప్పలేం. గుండె స్టెంట్ గురించి జనం బాగా భయపడతారు. దాదాపు అన్ని గుండె స్టెంట్లతోనూ ఎంఆర్‌ఐ తీయొచ్చు. బాలానగర్, జీడిమెట్ల వైపు లేత్, వెల్డింగ్ పని చేసినవాళ్ళు ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా అని గుర్తు చేసుకోండి. పడి ఉంటే ముందు కళ్ళకి ఎక్స్‌రే తీయాలి.

ఇంజెక్షన్ లేని స్కాన్‌కి పరగడుపున రావాల్సిన పని లేదు. బీపీ, షుగర్ మాత్రలు మానేయకండి.

లోపల 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పై అంతస్తువాడు డ్రిల్లింగ్ మెషిన్ పెట్టినట్టు చప్పుడు. చెవులకి దూది గానీ హెడ్‌ఫోన్ గానీ ఇస్తాం, చేతిలో రబ్బరు బంతి పెడతాం, నొక్కితే ఆపేస్తాం. ఇరుకంటే భయమున్నవాళ్ళు లోపలికి వెళ్ళక ముందే కళ్ళు మూసుకుని, బయటికి వచ్చాకే తెరవండి. మధ్యలో తెరిస్తేనే టెన్షన్. ఒకటి గుర్తుంచుకోండి: కావాల్సిన డీడబ్ల్యూఐకి పట్టేది ఒకటి రెండు నిమిషాలే. మనిషి కదలకుండా ఉండలేడనిపిస్తే "ముందు డీడబ్ల్యూఐ తీసేయండి" అని అడగండి. ఆ తర్వాత లేచిపోయినా అసలు జవాబు చేతిలో ఉంటుంది.

తెల్ల చుక్కకి జోడీగా నల్ల చుక్క

మెదడులో నీటి అణువులు ఎప్పుడూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. రక్తం ఆగిన చోట కణాల పంపులు పని మానేస్తాయి, బయటి నీరు లోపలికి చేరి కణాలు ఉబ్బుతాయి, సందులు ఇరుకైపోతాయి. పరేడ్ గ్రౌండ్స్‌లో తిరిగే మనిషికీ, పండగ ముందురోజు సుల్తాన్ బజార్ సందులో ఇరుక్కున్న మనిషికీ ఎంత తేడానో, ఆరోగ్యంగా ఉన్న చోట నీటికీ దెబ్బతిన్న చోట నీటికీ అంత తేడా. డీడబ్ల్యూఐ ఆ ఇరుకునే పట్టుకుంటుంది. కదల్లేని నీరు తెల్లగా మెరుస్తుంది. 1990లో అమెరికాలో మైఖేల్ మోస్లీ బృందం పిల్లుల మీద ప్రయోగం చేసి, మామూలు ఎంఆర్‌ఐలో ఇంకా ఏమీ కనపడని సమయానికే ఈ పద్ధతిలో దెబ్బ కనపడుతుందని చూపించింది.

అయితే తెల్లగా మెరిసిందల్లా కొత్త దెబ్బ కాదు. పాత మచ్చలు కూడా డీడబ్ల్యూఐలో మెరుస్తాయి. అందుకే పక్కనే ఏడీసీ చిత్రం పెట్టుకుని చూస్తారు. కన్సోల్ మీద రెండూ జంటగా తెరుస్తాం. ఎడమ చిత్రంలో వడ్లగింజంత తెల్లదనం, కుడి చిత్రంలో సరిగ్గా అదే చోట నల్లదనం ఉంటే అది కొత్తది. తెల్లదనం ఉండి నల్లదనం లేకపోతే పాతదో, కనీసం వారం పది రోజులు దాటిందో అయి ఉంటుంది. ఫ్లెయిర్ కూడా వయసు చెప్తుంది. మొదటి కొన్ని గంటల్లో డీడబ్ల్యూఐలో కనపడి ఫ్లెయిర్‌లో కనపడకపోతే దెబ్బ చాలా తాజాది.

ఇప్పుడు పెద్దనాన్న సీడీ దగ్గరికి వద్దాం. రిపోర్టు రాయడం నా పని కాదు, రాసే చదువు నాకు లేదు. కానీ కుడి చెయ్యి అని తెలిశాక ఎక్కడ చూడాలో తెలుసు. కుడి చేతిని ఆడించేది ఎడమ మెదడు పైభాగాన ఉండే చిన్న మడత, చిత్రంలో తలకిందుల ఒమేగా (Ω) అక్షరంలా కనపడుతుంది. అక్కడ, అంచున, ఒక గింజ. ఏడీసీలో అదే చోట నలుపు. మర్నాడు న్యూరాలజిస్ట్‌కి చూపిస్తే ఆయన అర నిమిషంలో వేలు పెట్టి చూపించారు. ఆ సెంటర్ రేడియాలజిస్ట్‌ని తిట్టాలని నాకు అనిపించలేదు. రోజుకి ఎన్నో తలకాయలు చూసే మనిషికి "కళ్ళు తిరగడం" అని చెప్తే చూపు కిందికి, చిన్నమెదడు వైపు పోతుంది. పై అంచున ఉన్న గింజని వెతకమని ఎవరూ చెప్పలేదు.

రిపోర్టులో కనపడే మాటలు

"డిఫ్యూజన్ రిస్ట్రిక్షన్" ఉంది అంటే పైన చెప్పిన జంట చుక్క దొరికిందన్నమాట. ఆ రిపోర్టుతో ఇంటికి కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి. "అక్యూట్ లాక్యునార్ ఇన్ఫార్క్ట్" అంటే లోతున ఉండే సన్న నాళం మూసుకుని ఏర్పడిన కొత్త చిన్న దెబ్బ. "క్రానిక్" అని ముందు ఉంటే పాతది.

అందరినీ భయపెట్టేది "స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్, ఫజెకాస్ గ్రేడ్ 1". సన్న నాళాల్లో రక్తం సరిగా అందక వచ్చే తెల్ల మచ్చలు ఎంత ఉన్నాయో చెప్పే ఈ గ్రేడు 0 నుంచి 3 దాకా ఉంటుంది. అరవై దాటిన చాలామంది తలలో ఒకటో గ్రేడు మామూలే, బీపీ ఉన్నవాళ్ళలో మరీనూ. మొన్నటి పది నిమిషాల సంఘటనకి అది రుజువు కాదు. "మైక్రోబ్లీడ్స్", "సూపర్‌ఫిషియల్ సిడరోసిస్" అని ఎస్‌డబ్ల్యూఐ కింద ఉంటే మాత్రం డాక్టర్‌కి తప్పకుండా చూపించండి. పెద్ద వయసులో మెదడు పైపొరలో చిన్న రక్తస్రావాలు కూడా టీఐఏలాగే వచ్చి పోతాయి. వాళ్ళకి రక్తం పలచన చేసే మందులు ఇస్తే మేలు బదులు కీడు జరగొచ్చు.

వేర్వేరు నాళాల పరిధిలో, రెండు పక్కలా చుక్కలు చల్లినట్టు ఉంటే గడ్డలు గుండె నుంచి వస్తున్నాయేమో చూడాలి. ఒకే నాళం దారిలో వరసగా ఉంటే ఆ నాళంలోనే పూడిక ఉండొచ్చు. మన దగ్గర, ఆ మాటకొస్తే ఆసియా అంతటా, పుర్రె లోపలి నాళాలు సన్నబడటం పాశ్చాత్య దేశాల కన్నా ఎక్కువ. కాబట్టి మెడ డాప్లర్ బాగుందని లోపలి యాంజియో మానేయకూడదు.

ఏమీ కనపడకపోతే

మూడింట రెండు వంతుల మందికి కనపడదు. ఎంఆర్‌ఐ నార్మల్ అంటే టీఐఏ రాలేదని కాదు, దెబ్బ మిగల్లేదని. టీఐఏ అన్న నిర్ధారణ జరిగింది విని, మనిషిని పరీక్షించి డాక్టర్ చేసేది. పైగా మెదడు కాండంలోనూ చిన్నమెదడులోనూ చిన్న దెబ్బలు మొదటి రోజు డీడబ్ల్యూఐకి చిక్కకుండా తప్పించుకుంటాయి. తూలుడు, రెండుగా కనపడటం, మింగలేకపోవడం లాంటివి ఉండి మొదటి స్కాన్ శుభ్రంగా ఉంటే, ఒకటి రెండు రోజులాగి సన్నటి స్లైసులతో మళ్ళీ తీయమంటారు. అది డబ్బుల కోసం కాదు.

టీఐఏ కానివీ చాలానే ఉంటాయి. మైగ్రేన్‌లో మెరుపులు, తిమ్మిరి మెల్లమెల్లగా పాకుతాయి, టీఐఏ ఒక్కసారిగా వస్తుంది. ఫిట్స్ తర్వాత కాసేపు చెయ్యి పడిపోవచ్చు. ఉత్త స్పృహ తప్పడం టీఐఏ కావడం అరుదు. కొందరు పెద్దవాళ్ళు కొన్ని గంటలపాటు "నేనిక్కడ ఎందుకున్నాను?" అని అదే ప్రశ్న పదేపదే అడిగి, తర్వాత మామూలైపోతారు. ఆ తాత్కాలిక మతిమరుపులో చుక్క వెంటనే కనపడదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తీస్తే జ్ఞాపకాల భాగంలో కనపడొచ్చు.

స్కాన్ అయ్యాక

మళ్ళీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఎంతో చూడటానికి డాక్టర్లు ఏబీసీడీ2 అనే లెక్క వేస్తారు. వయసు, బీపీ, లక్షణం, ఎంతసేపు ఉంది, షుగర్, మొత్తం 7 మార్కులు. ఏబీసీడీ3-ఐ అనే కొత్త లెక్కలో వారంలో రెండుసార్లు రావడం, మెడ నాళం సగానికి పైగా పూడటం, డీడబ్ల్యూఐలో చుక్క ఒక్కొక్కదానికి 2 చొప్పున కలిసి మొత్తం 13 అవుతుంది. ఈసీజీ, వీలైతే హోల్టర్ (రోజంతా గుండె లయని నమోదు చేసే చిన్న యంత్రం), గుండె ఎకో, కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు వెంటే జరగాలి. ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి, రక్తస్రావం లేదని తేలాక, మొదటి 24 గంటల్లోనే ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ కలిపి మొదలుపెట్టి సుమారు మూడు వారాలు వాడటం 2013లో చైనాలో జరిగిన పెద్ద ట్రయల్ తర్వాత అలవాటైంది. గుండె లయ తప్పుతోందని తేలితే మందు వేరు. మెడ నాళం 70 శాతానికి పైగా పూడి, లక్షణాలు దానివల్లే అయితే ఆపరేషన్ గురించి రెండు వారాల్లోపే తేల్చుకోవాలి.

ఫిల్ములు సరిపోవు, సీడీ అడిగి తీసుకోండి. పాత స్కాన్ ఏదైనా ఉంటే అదీ వెంట తీసుకెళ్ళండి, కొత్త మచ్చా పాత మచ్చా అన్న గొడవ చాలావరకు అక్కడే తీరిపోతుంది.

పెద్దనాన్న ఇప్పుడు రోజూ మాత్రలు వేసుకుంటున్నాడు, చుట్ట మానేశానంటాడు, పెద్దమ్మ మాత్రం నమ్మదు. ఆ సీడీ వాళ్ళింట్లో కరెంటు బిల్లుల ఫైల్లోనే ఉంది. కవరు మీద నేనే స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాలతో రాసి పెట్టాను: శనివారం, సాయంత్రం 5:40, కుడి చెయ్యి, మాట, 10 నిమిషాలు.